ఓబీడీ పోర్టు: హైదరాబాదు కార్లలో

ఓబీడీ పోర్టు అనేది కారులో స్టీరింగు చక్రానికి దిగువన, డ్రైవరు మోకాళ్లకు పైగా, డాష్‌బోర్డు అంచు కింద ఉండే పదహారు గుంటల సాకెట్టు. ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు తాను పసిగట్టిన లోపాలను, ఆ క్షణాన తాను చదువుతున్న కొలతలను బయటి యంత్రానికి చెప్పేది దీని ద్వారానే. ఆన్‌బోర్డ్ డయాగ్నస్టిక్స్ అనే పేరుకు పొట్టిరూపమైన ఓబీడీని తెలుగులో స్వయంనిర్ధారణ వ్యవస్థ అనవచ్చు గాని, హైదరాబాదు మెకానిక్ షెడ్లలో వ్యవస్థ పేరు కన్నా పని పేరే వాడుకలో ఉంది. ‘స్కానర్ పెట్టి చూడటం’, ‘స్కానింగ్ చేయించడం’ అంటే ఈ సాకెట్టుకు పరికరాన్ని తగిలించి కోడ్లు చదవడమే. ఈ వ్యవస్థ మరమ్మతుల సౌకర్యం కోసం పుట్టలేదు, పొగను అదుపు చేసే చట్టం కోసం పుట్టింది. క్లచ్చి జారుతున్నా, సస్పెన్షన్ చప్పుడు చేస్తున్నా పట్టించుకోని ఇంజిన్ దీపం, సైలెన్సరు దారిలోని ఒక చిన్న ఆక్సిజన్ సెన్సరు మందగిస్తే చాలు వెలగడానికి కారణం ఆ పుట్టుకలోనే ఉంది.

పుట్టుక

లాస్ ఏంజెలెస్ నగరాన్ని కమ్ముతున్న విషపు పొగమంచుకు కార్ల నుంచి, పెట్రోలియం శుద్ధి కర్మాగారాల నుంచి వెలువడే వాయువులు ఎండలో చర్య పొందడమే కారణమని 1950 ప్రాంతాల్లో రసాయన శాస్త్రవేత్త ఆరీ హాగెన్-స్మిట్ నిరూపించిన తరవాత, ఆ నగరమున్న కాలిఫోర్నియా రాష్ట్రం కార్ల పొగకు హద్దులు పెట్టడం మొదలుపెట్టి, 1967లో కాలిఫోర్నియా ఎయిర్ రిసోర్సెస్ బోర్డును ఏర్పాటు చేసింది. కర్మాగారం నుంచి బయటికి వచ్చిన రోజున హద్దులకు లోబడిన కారు పదేళ్ల తరవాత కూడా లోబడే ఉంటుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. ప్రతి కారు వెంట ఒక తనిఖీదారును తిప్పలేరు కనుక, కారే తన ఉద్గార పరికరాలకు తాను కాపలా కాయాలనే నియమం 1988 మోడళ్లతో అమల్లోకి వచ్చింది. ఇది ఓబీడీ-1. అందులో కంపెనీకో సాకెట్టు, కంపెనీకో భాష ఉండేవి. చాలా కార్లలో రెండు తీగలను కలిపి, దీపం ఎన్నిసార్లు మినుకుమన్నదో లెక్కపెట్టి కోడ్ తెలుసుకోవలసి వచ్చేది. సాకెట్టు ఆకారాన్నీ, కోడ్ల అర్థాలనూ, అడిగే ప్రశ్నలనూ అన్ని కంపెనీలకూ ఉమ్మడి చేసిన ఓబీడీ-2 అమెరికాలో 1996 మోడళ్ల నుంచి అన్ని కార్లకూ తప్పనిసరి అయింది. ఐరోపా సమాఖ్య పెట్రోలు కార్లకు దీన్ని 2001లో విధించింది.

భారతదేశంలో ఈ వ్యవస్థ భారత్ స్టేజ్ ఉద్గార ప్రమాణాల వెంట వచ్చింది. రఘునాథ్ మషేల్కర్ అధ్యక్షతన ఏర్పడిన నిపుణుల సంఘం సిఫారసుల మీద 2003లో కేంద్రం ప్రకటించిన ఆటో ఇంధన విధానం పెద్ద నగరాలను ముందు, మిగిలిన దేశాన్ని వెనక నడిపించింది. 2010 ఏప్రిల్‌లో స్టేజ్ 4 ప్రమాణాలు మొదట అమలైన 13 నగరాల్లో హైదరాబాదు ఒకటి. కార్లకు ఓబీడీ-1 షరతు వాటితోపాటే వచ్చింది. ఈ తొలి దశలో కంప్యూటరు ప్రధానంగా తీగలు తెగాయా, సర్క్యూట్లు కలిసే ఉన్నాయా అని మాత్రమే చూసేది. 2013 ఏప్రిల్ నుంచి అమలైన ఓబీడీ-2 దశలో ఉత్ప్రేరక కన్వర్టరు పనితనం, ఇంజిన్ మిస్సింగ్ (సిలిండరులో ఇంధనం సరిగా మండకపోవడం), ఆక్సిజన్ సెన్సర్ల అరుగుదల వంటి వాటిని హద్దులతో పోల్చి తూచే బాధ్యత కూడా దానిమీద పడింది. స్టేజ్ 4 దేశమంతటికీ విస్తరించింది 2017 ఏప్రిల్ 1న. 2020 మార్చి 31 తరవాత స్టేజ్ 4 వాహనాలు అమ్మరాదని సుప్రీంకోర్టు 2018 అక్టోబరులో ఆదేశించింది; స్టేజ్ 5ను దాటవేసి దేశం నేరుగా స్టేజ్ 6లోకి వెళ్లింది. దాని రెండో దశ 2023 ఏప్రిల్‌లో మొదలైంది.

ఈ తేదీలను గుర్తుంచుకోనక్కర లేకుండానే హైదరాబాదు కారు ఏ కోవకు చెందుతుందో నంబరు ప్లేటు చాలావరకు చెబుతుంది. టీఎస్ అక్షరాల వరస 2014 జూన్‌లో, టీజీ వరస 2024 మార్చిలో మొదలయ్యాయి కనుక, ఇక్కడే కొత్తగా రిజిస్టరైన టీఎస్ లేదా టీజీ కారు పూర్తి ఓబీడీ-2 కారే అయి ఉండాలి. పాత ఏపీ ప్లేట్ల విషయంలో మాత్రం తయారీ సంవత్సరం చూడక తప్పదు. వేరే రాష్ట్రం నుంచి వచ్చి టీఎస్ నంబరు వేయించుకున్న పాత కారు ఈ లెక్కను తప్పిస్తుంది; అంతకన్నా ఎక్కువగా మోసగించేది, 2010కి ముందు తయారై, పదహారు గుంటల సాకెట్టు ఉండి కూడా కంపెనీ సొంత భాష తప్ప మరొకటి తెలియని కారు. అలాంటి కారుకు సాధారణ స్కానరు తగిలిస్తే జవాబు రాదు, చెడిపోయింది స్కానరో కారో తెలియక యజమాని తికమక పడతాడు.

సాకెట్టు, అందులోని తీగలు

సాకెట్టు అడ్డంగా పెట్టిన సమలంబ చతుర్భుజం ఆకారంలో, వరసకు ఎనిమిది చొప్పున రెండు వరసల గుంటలతో ఉంటుంది. ప్లగ్గు తలకిందులుగా దూరకుండా ఉండటానికే ఆ ఆకారం. స్టీరింగుకు రెండడుగుల లోపు, పనిముట్లు లేకుండా చేతికి అందేలా ఉండాలని అమెరికా నియమం చెప్పడంతో, ఒకే నమూనాను పలు దేశాల్లో అమ్మే కంపెనీలు అదే అలవాటును ఇక్కడికీ తెచ్చాయి. కొన్ని కార్లలో దీనిమీద చిన్న మూత ఉంటుంది, మరికొన్నింటిలో ఫ్యూజుల పెట్టె పక్కన దాక్కుని ఉంటుంది.

పదహారింటిలో అన్నింటికీ పని ఉండదు. 16వ గుంటలో బ్యాటరీ ధన విద్యుత్తు, 4, 5 గుంటల్లో భూమి తీగలు, 6, 14 గుంటల్లో క్యాన్ అనే సమాచార మార్గపు రెండు తీగలు, 7వ గుంటలో పాత కార్లు వాడిన కే-లైన్ ఉంటాయి. బాష్ కంపెనీ 1986లో లోకానికి చూపించిన క్యాన్, కారులోని కంప్యూటర్లన్నీ ఒకే జంట తీగ మీద వంతులవారీగా మాట్లాడుకునే పద్ధతి. సందేశానికి చిరునామా బదులు ప్రాధాన్య సంఖ్య ఉంటుంది, ఇద్దరు ఒకేసారి మాట్లాడబోతే చిన్న సంఖ్య గలవాడిది ముందుమాట అవుతుంది, రెండోవాడు తగ్గి మళ్లీ ప్రయత్నిస్తాడు. కే-లైన్ సెకనుకు 10,400 బిట్లు మాత్రమే మోయగా, ఓబీడీ పనికి వాడే క్యాన్ సాధారణంగా 5 లక్షల బిట్లు మోస్తుంది. పాత కారులో టాకోమీటరు ముల్లు స్కానరు తెర మీద కుంటుతూ కదలడానికి, కొత్త కారులో నున్నగా కదలడానికి ఈ వేగాల తేడాయే ప్రధాన కారణం.

16వ గుంటలో తాళం తీసేసినా విద్యుత్తు ఉంటుంది. దీనికి రెండు పర్యవసానాలున్నాయి. స్కానరు అసలు వెలగకపోతే కారు కంప్యూటరును అనుమానించే ముందు ఆ విద్యుత్తును ఇచ్చే ఫ్యూజును చూడాలి. చాలా కార్లలో అది సిగరెట్ లైటరు సాకెట్టుకు కూడా ఉమ్మడి ఫ్యూజు, ఫోను చార్జర్ల ధాటికి అది కాలిపోవడం అరుదు కాదు. రెండోది, బ్లూటూత్ పరికరాన్ని పోర్టులోనే వదిలేసి కారును వారాల తరబడి కదపకపోతే, కొద్దికొద్దిగా తాగుతూ అది బ్యాటరీని దించేస్తుంది. మల్టీమీటరు వాడటం తెలిసినవారు ఇంకో పరీక్ష చేయవచ్చు: బ్యాటరీ తీగ విప్పి 6, 14 గుంటల మధ్య నిరోధం కొలిస్తే చాలా కార్లలో 60 ఓములకు దగ్గరగా రావాలి, ఎందుకంటే మార్గం రెండు చివర్లలోనూ 120 ఓముల నిరోధకాలు సమాంతరంగా ఉంటాయి. 120 వస్తే ఒక కొస తెగిందని, సున్నా వస్తే రెండు తీగలు ఎక్కడో కలిసిపోయాయని అనుకోవచ్చు. హుస్సేన్‌సాగర్ మిగులు నీటి నాలా ఒడ్డునున్న అశోక్‌నగర్ వంటి చోట్ల ఈ పరీక్షకు ప్రత్యేక విలువ ఉంది. 2000 ఆగస్టులో, 2020 అక్టోబరులో నగరాన్ని ముంచిన వానల వంటివి కార్ల అడుగు తివాచీల దాకా నీటిని తెస్తాయి. ఆ తరవాత కొన్ని వారాలకు కనెక్టర్లలో పచ్చటి తుప్పు పట్టి, ఒకదానితో ఒకటి పొంతన లేని పది పన్నెండు కోడ్లు ఒకేసారి పుట్టుకొస్తాయి. అప్పుడు కోడ్ల జాబితా పట్టుకుని విడిభాగాలు మార్చడం డబ్బు దండగ. చూడవలసింది బ్యాటరీ వోల్టేజీని, భూమి తీగలను, ఈ జంట తీగను.

ప్రశ్న, జవాబు

పోర్టు తనంతట తాను ఏమీ చెప్పదు. స్కానరు అడగాలి, కంప్యూటరు జవాబివ్వాలి. అడిగే తీరులను పది సేవలుగా విభజించారు: 01వ సేవ నడుస్తున్న కొలతలను, 02 లోపం పుట్టిన క్షణపు కొలతలను, 03 నిర్ధారణ అయిన కోడ్లను, 07 ఇంకా అనుమాన దశలోనే ఉన్న కోడ్లను, 09 కారు గుర్తింపు సంఖ్యను తెస్తాయి, 04 కోడ్లనూ, వాటి వెంట దాచిన కొలతలనూ చెరిపేస్తుంది. తక్కినవి నిపుణుల అవసరానికి ఉద్దేశించినవి.

ఈ సంభాషణ పదహారు అంకెల సంఖ్యామానంలో, అంటే తొమ్మిది తరవాత ఏ నుంచి ఎఫ్ వరకు అక్షరాలను అంకెలుగా వాడే లెక్కలో సాగుతుంది. ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందని అడగడానికి స్కానరు ‘01 0సీ’ పంపితే, ‘41 0సీ 0బీ బీ8’ అని జవాబు వస్తుంది. 41 అంటే 01వ సేవకు జవాబని, 0సీ అంటే అడిగిన అంశం ఇదేనని అర్థం. మిగిలిన 0బీ మన లెక్కలో 11, బీ8 మన లెక్కలో 184. మొదటిదాన్ని 256తో గుణించి రెండోదాన్ని కలిపితే 3,000, దాన్ని నాలుగుతో భాగిస్తే 750, అంటే ఇంజిన్ నిమిషానికి 750 సార్లు తిరుగుతూ నెమ్మదిగా నిలిచి ఉందన్నమాట. చల్లబరిచే నీటి ఉష్ణోగ్రతకు సూత్రం ఇంకా చిన్నది, వచ్చిన సంఖ్య నుంచి 40 తీసేయడమే. ‘82’ అని వస్తే అది మన 130, ఉష్ణోగ్రత 90 డిగ్రీలు. ఫోనులోని యాప్ ఈ లెక్క తానే చేసి ముల్లు గీసి చూపిస్తుంది కనుక వాడేవారికి ఇది తెలియనక్కర లేదు. అయితే యాప్ చూపే ప్రతి అంకె కంప్యూటరు నమ్మిన అంకె మాత్రమేనని, సెన్సరు అబద్ధం చెబితే తెర మీదికి అదే అబద్ధం వస్తుందని తెలియడానికి ఈ లెక్క ఒకసారి చేసి చూడటం మంచిది.

కోడ్లు

కోడ్ అయిదు స్థానాల గుర్తు. మొదటి అక్షరం ఏ విభాగమో చెబుతుంది: ‘పీ’ ఇంజిన్, గేరుపెట్టె; ‘సీ’ బ్రేకులు, స్టీరింగు ఉండే చట్రం; ‘బీ’ కారు బాడీ; ‘యూ’ కంప్యూటర్ల మధ్య మాటలు. రెండో స్థానంలో 0 ఉంటే అన్ని కంపెనీలకూ ఒకే అర్థం, 1 ఉంటే సాధారణంగా ఆ కంపెనీ సొంత అర్థం. మూడోది ఉపవిభాగం, 3 అయితే ఇగ్నిషన్, మిస్సింగ్. 4 అయితే పొగ అదుపు పరికరాలు. చివరి రెండూ నిర్దిష్ట లోపాన్ని సూచిస్తాయి. పీ0301 అంటే ఒకటో సిలిండరులో మిస్సింగ్, పీ0300 అంటే ఏ ఒక్కదాంట్లో అని చెప్పలేని మిస్సింగ్, పీ0171 అంటే ఇంజిన్‌కు గాలి ఎక్కువై పెట్రోలు చాలడం లేదు, పీ0420 అంటే ఉత్ప్రేరక కన్వర్టరు పనితనం హద్దు కన్నా దిగింది, యూ0100 అంటే ఇంజిన్ కంప్యూటరు నుంచి మాట రావడం లేదు.

ఈ నిర్వచనాలను జాగ్రత్తగా చదివితే ఒక్కటి కూడా ఫలానా వస్తువు చెడిపోయిందని చెప్పదు. కోడ్ కంప్యూటరుకు కనిపించిన లక్షణం; అంతకు మించి దానికి కళ్లు లేవు. మిస్సింగ్‌ను కూడా అది నేరుగా చూడదు. క్రాంక్ షాఫ్టు తిరుగుడులో ఒక సిలిండరు వంతు వచ్చినప్పుడు కలిగే సూక్ష్మమైన తడబాటును పట్టుకుని ఊహిస్తుంది. ఆ తడబాటుకు స్పార్క్ ప్లగ్గు కారణం కావచ్చు, ఇగ్నిషన్ కాయిల్ కావచ్చు, ఇంజెక్టరు కావచ్చు, వాల్వు సరిగా మూసుకోకపోవడం కావచ్చు. చిక్కడపల్లి, నారాయణగూడ అపార్టుమెంట్ల సెల్లార్లలో నిలిపే కార్లకు ఎలుకలు వైర్లు కొరికే బెడద ఉండనే ఉంది. పీ0201 అని వస్తే ఒకటో ఇంజెక్టరు సర్క్యూట్‌లో లోపమని అర్థం, ఇంజెక్టరు పోయిందని కాదు. సర్క్యూట్ అన్న మాటలో ఇంజెక్టరుతో పాటు దాని వైరు, కనెక్టరు, కంప్యూటరులోని ట్రాన్సిస్టరు కూడా ఉన్నాయి. మంచి మెకానిక్ కాయిల్‌ను ఒకటో సిలిండరు నుంచి మూడోదానికి మార్చి, కోడ్ పీ0301 నుంచి పీ0303కు మారిందా అని చూస్తాడు. మారితే దోషం కాయిల్‌దే. స్కానరు ధర ఎంతైనా ఈ పరీక్షను తనంతట తాను చేయలేదు.

దీపం వెలిగే తీరులో కూడా సమాచారం ఉంది. చాలా లోపాలకు కంప్యూటరు మొదటిసారి అనుమానాన్ని మాత్రమే రాసుకుని, వరసగా రెండో ప్రయాణంలోనూ అదే కనిపిస్తే దీపం వెలిగిస్తుంది; వరసగా మూడు ప్రయాణాలు బాగా సాగితే దీపం ఆర్పేస్తుంది, కోడ్‌ను మాత్రం సుమారు 40 సార్లు ఇంజిన్ వేడెక్కి చల్లారేదాకా గుర్తుంచుకుంటుంది. దీపం నిలకడగా వెలిగితే ఇంటికి చేరి తీరిగ్గా చూపించవచ్చు. మినుకు మినుకుమంటే మాత్రం కాలని పెట్రోలు సైలెన్సరు దారిలోకి పోయి, ప్లాటినం, పెలేడియం, రోడియం పూతలున్న ఖరీదైన కన్వర్టరును లోపలే కాల్చేస్తోందని అర్థం. ఆక్సిలరేటరు తగ్గించి, వీలైనంత త్వరగా బండిని పక్కకు ఆపడమే మేలు.

కోడ్ కన్నా విలువైనది దాని పక్కన దాచిన ఫ్రీజ్ ఫ్రేమ్, అంటే లోపం పుట్టిన క్షణాన వేగం, ఉష్ణోగ్రత, ఇంజిన్ భారం వంటి కొలతల నమోదు. మిస్సింగ్ చల్లటి ఇంజిన్‌తో తెల్లవారుజామున వచ్చిందా, ట్రాఫిక్‌లో నీరు 105 డిగ్రీలకు చేరినప్పుడు వచ్చిందా అన్నది దోషాన్ని వేరు వేరు చోట్లకు నడిపిస్తుంది. చదివీ చదవకముందే కోడ్లు చెరిపేసే అలవాటున్న షెడ్డులో మొదట పోయేది ఈ సాక్ష్యమే.

నడుస్తున్న కొలతలు

పోర్టు నుంచి ఎక్కువ ప్రయోజనం పొందేవారు కోడ్ల కన్నా నడుస్తున్న కొలతలనే చూస్తారు, వాటిని చదవడానికి స్థానిక జ్ఞానం కొంత కావాలి. తాళం తిప్పి ఇంజిన్ వేయకుండా ఉంచితే, ఇన్‌టేక్ మానిఫోల్డులోని పీడన సెన్సరు బయటి గాలి పీడనాన్నే చూపాలి. పాఠ్యపుస్తకాలు ఆ విలువను 101 కిలోపాస్కల్ అని రాస్తాయి. విశాఖపట్నంలో అది సరే గాని, సముద్ర మట్టానికి దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉన్న హైదరాబాదులో సుమారు 95 కనిపించాలి. 95 చూసి సెన్సరు చెడిపోయిందనుకోవడం పొరపాటు, 101 చూపిస్తేనే అనుమానించాలి. ఇంజిన్ నెమ్మదిగా తిరుగుతున్నప్పుడు అదే విలువ 30, 40ల మధ్యకు పడిపోవడం ఆరోగ్య లక్షణం.

పెట్రోలు సవరణ శాతం ఇంకా ఎక్కువ చెబుతుంది. ఆక్సిజన్ సెన్సరు చెప్పిన దాన్నిబట్టి కంప్యూటరు ముందే లెక్కగట్టుకున్న పెట్రోలుకు ఎంత కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో ఇందులో తెలుస్తుంది. అప్పటికప్పుడు చేసే సవరణను స్వల్పకాలికమని, అలవాటుగా మారిన సవరణను దీర్ఘకాలికమని అంటారు. రెండూ కలిపి సున్నాకు అటూ ఇటూ 10 శాతం లోపు ఉంటే చింత లేదని సాధారణ లెక్క. ఈ లెక్కను పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్ కొంత మార్చింది. స్వచ్ఛ పెట్రోలు కిలో మండటానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కు 9 కిలోలు చాలు. 20 శాతం ఇథనాల్ కలిసిన పెట్రోలుకు ఇది దాదాపు 13.5 అవుతుంది. స్వచ్ఛ పెట్రోలుకు లెక్కగట్టిన పాత కారు అదే గాలికి ఎనిమిది తొమ్మిది శాతం ఎక్కువ ఇంధనం పోయవలసి వస్తుంది కనుక, ఏ లోపమూ లేకుండానే దీర్ఘకాలిక సవరణ ఆ మేరకు పైకి జరుగుతుంది. అప్పటికే గాలి గొట్టంలో చిన్న చీలిక ఉన్న కారులో ఈ రెండూ కలిసి హద్దు దాటి పీ0171 వెలిగిస్తాయి. కారణం పెట్రోలు బంకుదని యజమాని, సెన్సరుదని మెకానిక్ వాదించుకునే సందర్భంలో పరిశీలించవలసింది ఆ చీలికను. బయట బిగించిన సీఎన్‌జీ కిట్ ఉన్న కార్లలో సవరణ శాతాలను పెట్రోలు మీద ఒకసారి, గ్యాసు మీద ఒకసారి వేరువేరుగా చూడాలి. పెట్రోలు మీద సరిగా ఉండి గ్యాసు మీద చెదిరితే కిట్ సర్దుబాటు తప్పిందన్నమాట.

కన్వర్టరును పరీక్షించే పద్ధతి చక్కనిది. దాని ముందున్న ఆక్సిజన్ సెన్సరు, పాత రకం అయితే, 0.1 నుంచి 0.9 వోల్టుల మధ్య చకచకా ఊగుతుంది. వెనకనున్న రెండో సెన్సరు నిలకడగా ఉండాలి, ఎందుకంటే మధ్యలోని కన్వర్టరు ఆక్సిజన్‌ను దాచుకుంటూ విడుస్తూ ఆ ఊగిసలాటను మింగేస్తుంది. వెనకది కూడా ముందుదానిలాగే ఊగితే కన్వర్టరు ఖాళీ గొట్టంతో సమానమైంది. రెండు గీతలను ఫోను తెర మీద పక్కపక్కన పెట్టి చూసినవారికి పీ0420 అర్థం మళ్లీ చెప్పనక్కర లేదు.

కోఠిలో దొరికే స్కానర్లు

హైదరాబాదులో ఎలక్ట్రానిక్ సామాను అంటే కోఠి గుజరాతీ గల్లీ, కారు విడిభాగాలంటే రాణిగంజ్ అన్న వాడుక ఉంది. స్కానరు ఈ రెండు లోకాల మధ్య వస్తువు. కొన్ని వందల రూపాయలకే వచ్చే అగ్గిపెట్టెంత బ్లూటూత్ పరికరాల్లో ఎక్కువ భాగం ఈఎల్ఎం327 అనే చిప్పుకు నకళ్లు. కెనడాలోని ఎల్మ్ ఎలక్ట్రానిక్స్ అనే చిన్న సంస్థ తెచ్చిన ఆ చిప్పు, కారు భాషలన్నిటినీ కంప్యూటరు సులువుగా చదివే అక్షరాల్లోకి మార్చే దుబాసీ. దాని తొలి వెర్షన్‌లో కాపీ కాకుండా కాపాడే ఏర్పాటు లేకపోవడంతో నకళ్లు లోకమంతా పాకాయి. అసలు సంస్థ 2022లో మూతపడింది, నకళ్లు మాత్రం సాగుతున్నాయి. నకలు పనికిరాదని కాదు, కోడ్లు చదవడానికి చాలావరకు సరిపోతుంది. పైన అచ్చువేసిన వెర్షన్ సంఖ్యను మాత్రం నమ్మరాదు. పాత కే-లైన్ కార్లతో మాట్లాడలేక, కొన్ని ఆదేశాలకు తప్పుడు జవాబులిచ్చి ఇబ్బంది పెట్టేవి వాటిలో చాలా ఉన్నాయి. ఐఫోను వాడేవారు పాత రకం బ్లూటూత్ పరికరం బదులు వైఫై లేదా తక్కువ విద్యుత్తు బ్లూటూత్ రకాన్ని ఎంచుకోవాలి.

మెకానిక్‌లు వాడే చేతి స్కానర్లు ఇంతకన్నా లోతుకు పోతాయి. ఎయిర్ బ్యాగు, ఏబీఎస్ వంటి కంప్యూటర్లను చదవడం, ఇంజెక్టరును ఒక్కసారి తెరిచి మూయించడం, కొత్త తాళంచెవిని పరిచయం చేయడం వాటివల్ల అవుతుంది. ఇవి చట్టం విధించిన ఉమ్మడి భాష పరిధిలోనివి కావు, ప్రతి కంపెనీ సొంత భాషలోవి. అందుకే వందల రూపాయల పరికరానికీ వేల రూపాయల పరికరానికీ తేడా నాణ్యతలో కన్నా ఎన్ని కంపెనీల భాషలు తెలుసన్న దాంట్లోనే ఎక్కువ.

చెరపడం, దాచడం

04వ సేవ కోడ్లను చెరిపి దీపం ఆర్పుతుంది, లోపాన్ని బాగుచేయదు. చెరిపిన మాట కూడా దాగదు. కన్వర్టరు, ఆక్సిజన్ సెన్సర్లు వంటి వాటిని కంప్యూటరు తాను పరీక్షించిందో లేదో సిద్ధతా పట్టికలో రాసుకుంటుంది. చెరిపిన వెంటనే ఆ పట్టిక ‘పూర్తి కాలేదు’ అన్న స్థితికి వెళ్లి, రకరకాల వేగాల్లో కొన్ని రోజులు నడిపితే గాని మళ్లీ నిండదు. కోడ్లు చెరిపాక కారు ఎన్ని కిలోమీటర్లు నడిచిందో, దీపం వెలుగుతుండగా ఎంత దూరం నడిచిందో చెప్పే అంశాలు కూడా 01వ సేవలో ఉన్నాయి. పాత కారు కొనేవారికి ఈ పోర్టు చేసే అతి పెద్ద ఉపకారం ఇదే: ‘ఎప్పుడూ ఏ ఇబ్బందీ రాలేదు’ అని అమ్మేవారు చెబుతున్న కారు, కోడ్లు చెరిపి 12 కిలోమీటర్లే అయిందని తానే చెబుతుంది. కోడ్లు లేకపోవడం కన్నా పట్టిక నిండి ఉండి కోడ్లు లేకపోవడమే లెక్కలోకి వస్తుంది.

ఇక్కడి కాలుష్య తనిఖీ ధ్రువపత్రం సైలెన్సరు కొసలో గొట్టం పెట్టి పొగను కొలిచే పరీక్ష మీద నడుస్తుంది, పోర్టు జోలికి పోదు. కాలిఫోర్నియాలో 2015 నుంచి, 2000, ఆ తరవాతి మోడళ్ల పెట్రోలు కార్లలో చాలావాటికి గొట్టం పరీక్ష తీసేసి పోర్టులోంచే జవాబు తీసుకుంటున్నారు. ఫ్రీమాంట్, శాన్ హోసే ప్రాంతాల్లో స్థిరపడిన తెలుగువారు పరీక్షకు ముందు రోజు దీపం ఆర్పించుకుని వెళ్తే, పట్టిక నిండలేదన్న కారణంతో వెనుదిరగవలసి వస్తుంది. టెక్సస్ 2025లో సాధారణ వాహనాల భద్రతా తనిఖీని ఎత్తివేసినా, డల్లాస్, కాలిన్ వంటి కౌంటీల్లో ఉద్గార పరీక్షను ఉంచింది.

తెరిచి ఉన్న తలుపు

కారు లోపలి కంప్యూటర్లన్నీ మాట్లాడుకునే మార్గానికి ఈ సాకెట్టు నేరుగా తగిలి ఉండటం నమ్మకం మీద ఆధారపడిన కాలపు నిర్మాణం. 2010లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయం, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్ డియేగో శాఖ పరిశోధకులు పోర్టుకు తగిలించిన పరికరంతో నడుస్తున్న కారు బ్రేకులను నిర్వీర్యం చేసి చూపారు. 2015లో శాన్ డియేగో పరిశోధకులు, బీమా కంపెనీల కోసం పోర్టుకు తగిలించే ఒక పరికరానికి ఫోను సందేశాలు పంపి బ్రేకులను శాసించారు. దీంతో కొన్ని కంపెనీలు పోర్టుకూ లోపలి మార్గానికీ మధ్య కాపలా కంప్యూటరు పెట్టాయి. చదవడానికి అడ్డు చెప్పని ఆ కంప్యూటరు, ఆజ్ఞలివ్వబోయే స్కానరును మాత్రం గుర్తింపు అడుగుతుంది. స్వతంత్ర మెకానిక్‌ల జీవనోపాధికి ఇది చిక్కే. భారత బీమా నియంత్రణ సంస్థ 2022లో, నడిపిన దూరాన్నిబట్టి, నడిపే తీరునుబట్టి ప్రీమియం నిర్ణయించే పాలసీలను అనుమతించింది. అలాంటి పాలసీ కోసం పోర్టులో పరికరం పెట్టించుకునేవారు, అది ఎప్పుడు ఎక్కడ ఎంత వేగంతో వెళ్లారన్నది కూడా నమోదు చేయగలదని తెలుసుకుని ఉండాలి.

కార్లకు వెలుపల

ద్విచక్ర వాహనాలకు ఓబీడీ 2020 ఏప్రిల్‌లో స్టేజ్ 6తో వచ్చింది, 2023లోనూ 2025లోనూ రెండు మెట్లు కఠినమైంది. వాటిలో సాకెట్టు సాధారణంగా సీటు కిందో, పక్క ప్యానెల్ వెనకో ఉండే ఆరు గుంటల చిన్న ఎర్ర కనెక్టరు. కారు స్కానరు దానికి అతకాలంటే నడుమ ఒక మార్పిడి తీగ కావాలి. కొన్ని లారీలు, బస్సుల్లో తొమ్మిది గుంటల గుండ్రని సాకెట్టు, భారీ వాహనాల సొంత భాష కనిపిస్తాయి. ఎలక్ట్రిక్ కార్లకు పొగ లేదు కనుక పొగ చట్టం విధించిన ప్రశ్నలు వాటికి వర్తించవు. వాటిలో చాలావాటికి అదే ఆకారపు సాకెట్టు ఉన్నా, బ్యాటరీ ఎంత శాతం ఆరోగ్యంగా ఉందని ఉమ్మడి భాషలో అడిగితే జవాబు రాదు, కంపెనీ భాష తెలిసిన యాప్‌లే దిక్కు. కాలిఫోర్నియా 2026 మోడళ్ల నుంచి ఎలక్ట్రిక్ కార్లు కూడా తమ బ్యాటరీ ఆరోగ్యాన్ని యజమానికి తెలియజేయాలని నియమం పెట్టింది.